ఇద్దరికి సరిపడా గాలి

దక్షిణ కొరియాలోని దేగు నగరంలో టైర్ల కొట్టు. మొగుడి రేసు బండిలాంటి సెడాన్ కారు జాకీ మీద ఉంది, పెళ్ళాం చంకలో పాప ఉంది.

"ఈ మెత్తరబ్బరు టైర్లే ఎందుకండీ? వాటి రొదకి పాప లేస్తుంది."

"కొండదారి మలుపుల్లో ఇవైతే పట్టు తప్పవే."

"సరే, గాలి ఎంత కొట్టమన్నారు?"

"కారు తలుపు పక్కన అంటించిన చీటీలో ఇద్దరికని రాసినంత."

"నేనూ పాపా వెనక కూర్చుంటే ముగ్గురం కదా?"

"ఆదివారం కొండ షికారుకి మీరిద్దరూ రారుగా. మా ఆఫీసు యేరిన్ వస్తానంది."

"ఓహో! ముందు సీటు అంత వెనక్కి జరిపింది ఆవిడ పొడుగు కాళ్ళకా?"

"ఛ! తనకి కార్లంటే పిచ్చి, అంతే."

"ఏమయ్యా టైర్లాయనా, నిండు బండికి రాసినంత కొట్టు. మేమూ వెళ్తున్నాం."

"ఆ మలుపులకి పాప కక్కుతుందే!"

"కక్కనివ్వండి. దాని కుర్చీ సరిగ్గా ఆవిడ జుట్టు వెనకాలే బిగిస్తా."