మూడొందల యూనిట్లు

(హనుమాన్ జంక్షన్ పక్క పల్లె. సచివాలయంలో కంప్యూటరు ముందు సింధూరి. ఎదురుగా ఎకరన్నర రైతు వెంకటకృష్ణారావు, పక్కన భార్య కనకలక్ష్మి.)

“రైతు డబ్బుకి అనర్హులనే వస్తోందండీ. ఎన్నిసార్లు కొట్టినా అంతే.”

“ఎకరన్నర వాణ్ణి, నేను అనర్హుణ్ణా? ఆ రొయ్యల చెరువుల దుర్గాప్రసాద్‌కి పడిందిగా సింధూరమ్మా!”

“ఆయనకి కరెంటు తక్కువండీ.”

“తక్కువెందుకుండదూ? మేడకి నాలుగు మీటర్లు. నాలుగూ పేదవే.”

“బాబాయ్ గారూ, నాకు కనపడేది మీ మీటరే. నెలకి మూడొందల యూనిట్లు దాటితే రైతు డబ్బు ఆగిపోద్ది. మీది నాలుగొందలు. ఇంట్లో ఉండేది ఇద్దరే కదా?”

“మీటరు తేడా అయ్యుంటది.”

“లైన్‌మన్ వచ్చి చూశాడండీ. ఏసీ ఉందని రాశాడు.”

“ఉంటే?”

“అస్తమానం తిరుగుతోందని కూడా రాశాడు. లోపల ఎవరూ లేరట.”

“మా అబ్బాయి జయంత్ ఉండే గదమ్మా అది. షాక్ కొట్టి ఒళ్ళంతా కాలిపోయింది వాడికి. చల్లగా ఉంచమన్నారు డాక్టర్లు.”

“ఇప్పుడెలా ఉన్నారండీ?”

“పోయాడు. రెండేళ్ళు.”

“అయ్యో... పటమట నుంచి కొత్తగా వచ్చానండీ, నాకు తెలీదు.”

“తెలిస్తే మాత్రం నీ కంప్యూటరు ఊరుకుంటదా?”

“దారుంది బాబాయ్ గారూ. ఏసీ తీసేశానని ఈ కాగితం మీద సంతకం పెట్టండి, పైకి పంపిస్తా. ఇవాళే ఆఖరు.”

“మా ఆవిడ ఒప్పుకోదు. తల్లి ప్రాణం కదా. అది ఆగితే అన్నం ముట్టదు.”

“అవునా పిన్నిగారూ?”

“దాన్నడగమాకు.”

“చెప్పండి పిన్నిగారూ. కాలవ వదిలారు, ఊడ్పులకి ఆ డబ్బే కదా ఆధారం?”

“ఆ డబ్బు రాకపోతే ఈ ఏడు పొలం కౌలుకిచ్చేయడమేనమ్మా. నేనెందుకొద్దంటానూ? రోజూ ఏసీ కట్టేసేది నేనే.”

“కనకం, నోరు ముయ్యి.”

“తెల్లారి లేచేసరికి మళ్ళీ తిరుగుతుంటది. రిమోటు బియ్యం డబ్బాలో దాచా. అయినా వెతికి వేశాడీయన!”

“మరేం చెయ్యమంటావ్? మంట నాన్నా, మంట నాన్నా అంటుంటే?”

“ఎవరయ్యా అనేది? ఆ గదిలో మంచం కూడా లేదు!”

“నీకు వినపడదులే.”

“గోడ ఇవతలే పడుకుంటున్నా. నాకు వినపడనిది నీకెలా వినపడద్ది? పెట్టవయ్యా సంతకం.”

“పెట్టను. సింధూరమ్మా, అనర్హుణ్ణనే రాసుకో.”

“బాబాయ్ గారూ, ఒక్కసారి ఆలోచించండి...”

“కన్నదాన్నయ్యా నేను! వాడు పిలిస్తే నాకు వినపడదా?”

“ఆ వానలో మోటారు కట్టేసి రమ్మని వాణ్ణి పంపింది నువ్వు కాదుగా.”