అత్తయ్య పేరున్న సాలీడు

మ్యూజియం వెనకగదిలో కోడలు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తడం లేదు. క్యారియర్ తెచ్చిన అత్తగారు స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

“అన్నం చల్లారిపోతోందే. ఏముంది అందులో?”

“మీ పేరు పెట్టిన ఆఫ్రికా సాలీడు, అత్తయ్యా. అప్పుడు ఆడదొక్కటే దొరికింది, కొత్త జాతి అనుకున్నాను. ఈసారి మగది కూడా వచ్చింది.”

“మంచిదేగా! మొహం అలా పెట్టావేం?”

“ఆ రకం మగదానికి నాకంటే ముందే ఎవరో వేరే పేరు పెట్టేశారు.”

“ఆలుమగల్ని పోల్చుకోలేకపోయారా?”

“ఆడదాన్ని పొట్టకింది చిన్న బిళ్ళతో, మగదాన్ని మూతి పక్క బుడిపెలతో ఏ జాతో గుర్తుపడతాం. ఒకదాన్ని చూసి రెండోదాన్ని చెప్పలేం. ఇప్పుడు ఒకే బెరడు కింద జంటగా దొరికాయి. కళ్ళ వరస, కాళ్ళ మీది చారలు, అన్నీ ఒకటే.”

“అయితే?”

“రెండూ ఒకే జాతి కాబట్టి ముందు పెట్టిన పేరే ఉంటుంది. మీ పేరు తీసెయ్యాలి.”

“మొగుడు దొరకగానే ఆడదాని పేరు పోవాలా? అక్కడా ఇదే గోలా!”

కోడలికి నవ్వు రాలేదు. “పిల్లల్ని మీరు చూసుకోబట్టే నేను చదివాను. మీకని ఇవ్వగలిగింది ఆ పేరొక్కటే. నేను బయటపెట్టకపోతే ఇప్పట్లో ఎవరికీ తెలియదు.”

“నీకు తెలుసుగా. రాసి పంపు.”

“పార్కులో మీ స్నేహితురాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నారు, మరి?”

“రేపూ చెప్పుకుంటాను,” అంటూ అత్తగారు క్యారియర్ మూత తీసింది. “నా సాలీడు పేరు మార్చుకుని కాపురానికి వెళ్ళిందని.”