మూడు పుల్లల వజ్రం

సౌదీలోని తాయిఫ్ బజారులో ఒక నగల దుకాణంలో అతను భార్య వేలికి వజ్రపుటుంగరం తొడిగి చూశాడు. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చాలించి, ఆమె మర్నాడే ఇండియాకు వెళ్ళిపోతోంది. దూరాన రాబిగ్ ఊళ్ళోని చమురు రిఫైనరీలో అతనికింకా రెండేళ్ళ పని ఉంది.

"ఉంచుకో కృపా. వజ్రం ఎప్పటికీ మారదంటారు."

"ఇంటర్‌లో కెమిస్ట్రీ మేష్టారు చెప్పింది మర్చిపోయారా? పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటే వజ్రం కంటే స్థిరమైందంట. వజ్రం కూడా ఎప్పటికైనా అలా మారాల్సిందేనంట."

"మరి మారట్లేదేం?"

"ఒక్కో కార్బన్ తన చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకునుంటది కదండీ. ఆ పట్టు విడవాలంటే మాటలా? కోట్ల ఏళ్ళయినా అట్టాగే ఉంటది."

అతనికి చీరాల కాలేజీ లాబు, తడి బంకమట్టి వాసన గుర్తొచ్చాయి.

"వజ్రం నమూనాకి నేను మట్టి ఉండలకి నాలుగేసి బదులు మూడేసి పుల్లలే గుచ్చాను. పొరలు పొరలుగా జారిపోయింది."

"'వజ్రం చెయ్యమంటే పెన్సిల్ ములుకు చేశావేంట్రా' అన్నారు మేష్టారు. క్లాసంతా ఒకటే నవ్వు."

"నువ్వు నవ్వలేదు. నీ చీపురు పుల్లలు తెచ్చి నాకిచ్చావు. ఎందుకిచ్చావో ఇన్నేళ్ళలో అడగనే లేదు."

"మీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూడలేకపోయాను."

అతను తల తిప్పుకున్నాడు. ఆమె ఉంగరం తీసి గాజుబల్ల మీద పెట్టింది.

"ఇది వద్దండీ. సాయంత్రం రాబిగ్ బస్సుకి వెళ్ళకండి. రేపు నన్ను విమానం ఎక్కించి వెళ్ళండి."

"డ్యూటీ ఉంది కదే."

"ఒక్కరోజు సెలవడగండి."

అతను ఫోను తీసి సూపర్‌వైజరుకు రింగ్ చేశాడు.