పక్క మంచం పిల్ల

1979 ఎండాకాలం. నంద్యాలలో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు వరండా. ఆళ్లగడ్డలో గాజులమ్మే పీరాంబీకి విరిగిన కాలు అతుక్కుంది, సిమెంటు కట్టు తీసేశారు. నర్సు ప్రమీలమ్మ ఆమెను నడిపిస్తోంది.

“చెయ్యి ఇడిసిపెట్టు నర్సమ్మా. పడితే పడతా.”

“పడవులే. గోడ పట్టుకోని రా.”

“నువ్వు పోయి ఆ వెలుగోడు పిల్లకాడ కూచో. నాతో ఏం పని నీకు?”

“ఆ పిల్ల చిన్నమ్మ పండుకోనింది. ఇప్పుడు నీకాడికే వచ్చినా గదా.”

“ఆ, మిగిలింది నాకు. ఆయమ్మి రాకముందు పొద్దున లేస్తానే నా మంచంకాడికి వస్తాంటివి. తల దువ్వుతాంటివి. నొప్పికి ఏడిస్తే చెయ్యి పట్టుకుంటాంటివి. ఇప్పుడో? మాత్రిచ్చి పోతాండావ్.”

“అప్పుడు నువ్వు లేవలేవు. ఇప్పుడు నీ తల నువ్వే దువ్వుకుంటాండావ్ బీబమ్మా.”

“చేతులు బాగుంటే మనిషి తోడు అక్కర్లేదా?”

“నేనట్లన్యానా?”

“నిన్న కాలు మళ్లా నొస్తాందని పిలిస్తే రాకపోతివే.”

“నిజంగా నొచ్చిందా?”

“నొచ్చింది.”

“బీబమ్మా.”

“నువ్వు ఆ పిల్ల వీపు నిమురుతాంటే చూసి నొచ్చింది. చాల్నా? ఏముంది ఆడ? ఒక్క మాట మాట్లాడదు. గోడదిక్కు తిరిగి పండుకుంటాది.”

“పుట్టిన బిడ్డ పోయింది ఆ పిల్లకు. తెలుసు గదా.”

“తెలుసు. నాకూ ఇద్దరు పోయినారు. నా వీపు ఎవురూ నిమరల్యా.”

“ఇన్నాళ్లూ నాకీ మాట చెప్పనే ల్యా నువ్వు.”

“అంతా చెప్పేస్తే ఇంగ నాకాడికి యానికొస్తావు? నడువు, నడువు.”

“సోమవారం నిన్ను ఇంటికి పంపిస్తామని డాక్టరు నిన్ననే చెప్పినాడు.”

“నాకు వినపడలా.”

“వినపడింది. అందుకే గదా నిన్న నన్నట్ల తిట్టినావు. వార్డంతా విన్నారు. నాకంటే ఆళ్లగడ్డ బస్సు కండక్టరు నయమని, దిగేదాకా అన్నా పలకరిస్తాడని.”

“అన్యా. మళ్లా అంటా.”

“చిన్నమ్మ కూడా విన్యాది.”

“విననీ.”

“వీపు అదురుతాంటే ఏడుస్తాందనుకున్యా. ఇట్ల తిప్పి చూస్తే నవ్వుతాంది.”

“ఎవురూ? ఆ పిల్లా?”

“నవ్వి, ‘యా ఊరక్కా ఆ అవ్వది’ అని అడిగింది. ఈడికొచ్చినాక నోరు తెరిచింది అదే మొదలు.”

“నన్నా? నా గురించి అడిగిందా?”

“నిన్నే. ఆ పిల్ల లేస్తానే పోయి పక్కన కూచో. పోయిన నీ ఇద్దరు బిడ్డల సంగతీ చెప్పుకో, ఆ పిల్లదీ విను.”

“నువ్వూ రా మరి.”

“నేను రాను. ఇన్ని దినాలు పక్కన కూచోని, తల నిమిరి, అన్నం తినిపించి, బతిమాలితే పలకల్యా నాకు. నువ్వు ఒక్క తిట్టు తిడితే పలికింది. నిన్న నీకంటే నాకే ఎక్కువ కడుపు మండింది బీబమ్మా.”