సదానందం రెండున్నర వైరు

సదానందం అందరి ఇళ్లల్లో ఫ్యూజులు బిగిస్తాడు, తన నోటికి తప్ప. చొప్పదండిలో మరమగ్గాలకు వైరింగు చేసే ఆ మహానుభావుడు ఆ పొద్దున మంచిర్యాల గోదావరి ఒడ్డున, కొమురవ్వ చాయ్ హోటల్ బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో అగ్గిపుల్లంత లావున్న వైరు చుట్ట. ఎదురుగా ఒడ్డుకు కట్టేసిన యెషయా పడవ. దాని బ్యాటరీ మోటరుకున్న పాత వైరు మొన్న మాడిపోయింది. ఆదివారం అవతలి ఒడ్డు నుంచి పదిమందిని ప్రార్థనకు తీసుకురావాలి. పని సదానందానికే ఇద్దామని యెషయా మనసు మొగ్గింది. అతని బిడ్డ రెబెకాకు మాత్రం ఆ చుట్టను చూసినప్పటి నుంచీ ఒళ్లు మండుతోంది.

"యెషయన్నా, ఫికర్ జెయ్యకు. గీ రెండున్నర ఎమ్మెమ్ వైరు మీద ఒక హెచ్‌పీ మగ్గం మోటరు పొద్దుందాక నడుస్తది. నీ పడవ మోటరెంత? ఆరువందల వాట్లు, హెచ్‌పీ గూడ లేదు! పోయినేడు ఒక పడవకు గీ వైరే ఏసిన. పది నిమిషాలల్ల దాటే గోదారి అయిదు నిమిషాలల్ల దాటింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?" అన్నది కొమురవ్వ, చాయ్ వడపోస్తూ.

"బ్రిడ్జి మీద రైలొచ్చింది. పందెం ఏసిన, గెలిచిన!"

"రైలు నదికి అడ్డం పోతది గదా, పందెమెట్ల?"

"గదే గమ్మత్తు! నదిని జర మలుపుకున్న. నా ఊపుకు యాభై తొమ్మిది బొగ్గు వ్యాగన్లు పట్టాలు దిగి పడవ ఎనకవడ్డయి, తాడేసి బల్హార్షా దాక గుంజుకపోయిన. మొసలి అడ్డమొచ్చి, వైరును జూసి దండం బెట్టి పోయింది. వైరేమో ఐసు లెక్క సల్లగున్నది!"

"సల్లగుంటదట బిడ్డా," అన్నాడు యెషయా ఆశగా.

రెబెకా ఇక ఆగలేదు. "కాకా, మగ్గానికి ఎన్ని వోల్టులు?"

"రెండు వందల ముప్పై."

"పడవ బ్యాటరీకి?"

"పన్నెండు. అయితేంది?"

"గా ఆరువందల వాట్లకు ఆడ మూడు ఆంపియర్లు గూడ పోవు, ఈడ యాభై పోతయి. బ్యాటరీ ముందల, మోటరు ఎనుక. కరెంటు పోవుడు ఆరు మీటర్లు, మర్లి వచ్చుడు ఆరు. నీ వైరుల పన్నెండు వోల్టులకు నాలుగు తొవ్వలనే పోతయి, గదంత వేడే. ముప్పై అయిదు ఎమ్మెమ్ కేబుల్ లేంది పదిమందిని ఎక్కిచ్చుకోవద్దు బాపూ."

"లెక్కలు కాయితం మీద, బిడ్డా. నా వైరు సల్లగుంటది."

"అయితే మంచిదే." ఆమె చుట్ట లాక్కుని, ఇద్దరినీ పడవ ఎక్కించి, ఆరేసి మీటర్ల రెండు ముక్కలు కత్తిరించి, బ్యాటరీకీ మోటరుకూ కలిపి, ఆ రెండు వైర్లనూ మధ్యలో సదానందం చేతికిచ్చింది. "పిడికిట్ల పట్టుకో. బాపు మోటరు నడిపిస్తడు. కథ మల్ల మొదటికెల్లి చెప్పు, అయ్యేదాక ఇడవకు."

మోటరు తిరగడం మొదలైంది. సదానందం గొంతు సవరించుకున్నాడు.

"రైలొచ్చింది... యాభై తొమ్మిది వ్యాగన్లు..."

"ఊఁ," అన్నది కొమురవ్వ.

"యాభై ఏంది, ఇరవై అనుకో..." నుదుట చెమట. "నాలుగు... ఇంజనొక్కటే..."

"మొసలి?"

"బల్లి! బల్లి!" అని వైరు వదిలేసి, నీళ్లలోకి ఉరికి చెయ్యి ముంచాడు.

యెషయా మోటరు ఆపాడు. "ముప్పై అయిదుది యాడ దొరుకుతది, బిడ్డా?"

కొమురవ్వ ఒడ్డు మీద నుంచి వంగి చూసింది. "సదానందం, ఇంతకు రైలేమాయె?"

"రాలే," అన్నాడు సదానందం, చెయ్యి నీళ్లలో నుంచి తియ్యకుండానే.