జేలీ కళ్లు

ఇంకో గ్లాసు పొయ్యి ఫిలొమేన్ తల్లీ, ఇవాళ దర్వాల్ దొర బొమ్మలన్నీ బండెక్కి పారిస్ పోయాయి, మనసేం బాగాలేదు. పోయిన చలికాలం దొర చనిపోయినప్పుడు కూడా ఇంత దిగులనిపించలేదు. బొమ్మలేసే దొరలు చాలామందే ఉంటారు గానీ, ఎవడూ కొనని తోటివాళ్ల బొమ్మలు తాను కొని, వాళ్ల ఇంటద్దెలు కూడా కట్టిన మారాజు ఆయనొక్కడే. ఏది కొనాలో చెప్పిందెవరనుకున్నారు? నేనే! పడవ నడుపుతూ, "ఆ మంచుపొలం బొమ్మ బాగుంది, తీసుకోండి దొరా" అనేవాణ్ణి, తీసుకునేవాడు.

"పడవలకి తారు పూసే నువ్వా ఉర్సేనన్నా!" అన్నాడు క్లోవిస్.

నేనేరా! సరే విను. మా ఆవిడ జేలీ బతికుండగా ఈ సేన్ నది రేవులోనే బట్టలుతుకుతుంటే దొర బొమ్మ గీశాడు. అబ్బ, ఏం కళ్లు! రంగు ఆరకముందే చేపలు ఒడ్డుకొచ్చి వరస కట్టాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పారిస్‌లో జనానికి చూపిస్తే, ఎగతాళి చేద్దామని వచ్చినవాళ్లంతా టోపీలు తీసేశారు. పేపర్లో తిట్టిపోద్దామని వచ్చిన పెద్దమనిషి, జేలీ ఒక్క చూపు చూసేసరికి భోరుమని ఏడ్చి, చొక్కా విప్పి, "ఉతికిపెట్టు తల్లీ" అన్నాడు.

"ఉతికిందా మరి?" అంది ఫిలొమేన్.

ఇస్త్రీ కూడా చేసింది! ఆ మొహం వెలుగే చాలని ఆ సాయంత్రం దీపాలే వెలిగించలేదు. రష్యా చక్రవర్తి రైలు నిండా బంగారం పంపితే, "ఉర్సేన్ ఒప్పుకుంటేనే" అన్నాడు దొర. నేనొప్పుకుంటానా? జేలీ ఫోటో ఒక్కటైనా లేదు నా దగ్గర. ఉన్న మొహమల్లా ఆ బొమ్మలోదే. దొర అన్నీ సర్కారుకి రాసిచ్చేశాడుగా, ఇక లోకమంతా వచ్చి మా జేలీ కళ్లు చూస్తుంది.

"అన్నా, పొద్దున ఆ బొమ్మలకి గడ్డి చుట్టింది నేనే. వదినది కూడా చుట్టాను. అందులో కళ్లు లేవన్నా. మొహం ఉండాల్సిన చోట గులాబి రంగు మచ్చ ఒకటుంది, అంతే" అన్నాడు క్లోవిస్.

దగ్గర్నుంచి చూసుంటావు, వెధవా. అవి దూరం జరిగి చూడాలి, అలా చూడ్డానికే గీస్తారు వాళ్లు.

"గోడ తగిలేదాకా జరిగాను. వదిన కనబడుతుందేమోనని నేనూ ఆశపడ్డాను."

నేనూ జరిగానురా, దొర బతికున్నప్పుడే, ఎన్నిసార్లో. ముందు జేలీయే కనబడేది. తర్వాత్తర్వాత ఆ మచ్చే మిగిలింది. ఇప్పుడు కళ్లు మూసుకున్నా మచ్చే వస్తోంది. నవ్వకురా, భయంగా ఉంది నాకు. ఫిలొమేన్ తల్లీ, నువ్వు రోజూ చూసేదానివిగా, కొంచెం చెప్పమ్మా, ఎలా ఉండేది మా జేలీ?