కుక్కలు చూసిన దిక్కు

ఆగు ఆదర్శ్ బిడ్డా, గట్ల కుక్క తలమీదికెల్లి చెయ్యి పెట్టకు. తోక ఊపుతుంది గదా అంటవా? తోక ఇడిసిపెట్టు, ఒళ్ళు జూడు, కట్టె లెక్క బిగవట్టింది. జర పక్కకు తిరిగి నిలవడు, దాని కండ్లల్లకు జూడకు. ఆఁ, గిప్పుడు మెత్తవడ్డది. నాకెవలు నేర్పిన్రా? ఏసురత్నమని ఉండెటోడు. గుంటూరు దిక్కు మనిషి. ఇప్పుడు నువ్వు కిరాయికుంటున్న బిల్డింగ్ జాగల అప్పుడన్నీ గుండ్లే, ఇంతింత బండరాళ్ళు, పక్కపొంటి ఒక ఆఫీసు బిల్డింగ్ లేస్తుండె, దానికి వాచ్‌మన్. ఆయన, భార్య హన్నమ్మ, గేటు లోపల రేకుల రూంల ఉండేటోళ్ళు. తెలంగాణ ఉద్యమం రోజులు, ఐనా మా ఖాజాగూడ పోరగాళ్ళు ఆయన్ని ఒక్క మాట అనలే. డప్పులతోని జులూస్ పోతుంటే కుక్కలకు అడ్డం నిలవడి, "చెవులు ఎట్టా వెనక్కి పడ్డాయో చూడండి పోచయ్యగారూ, బెదిరినియ్యి" అనేటోడు. "కుక్క ఆవలిస్తే నిద్రనుకోమాకండి, అది భయమండి. ఊరికే మూతి నాక్కుంటే, నా జోలికి రామాక అంటందని." ఎంత మెల్లగ మాట్లాడెటోడో, అవి బెదరొద్దన్నట్టు.

ఏం చెప్తున్న... ఆఁ, రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె. బస్సులు బంద్, ఆటోలు బంద్. మిట్టమధ్యాహ్నం రాయదుర్గం రోడ్డు మీద పురుగు లేదు. ఆయన తాన ఎనిమిది కుక్కలుండె. అన్నీ కూసోని మా ఊరి చెరువు దిక్కే జూస్తున్నయి. మొరుగవు. తోకలు కడుపు కింద, ఒకదానెనక ఒకటి ఆవలింతలు. "పామా ఏందన్నా?" అన్న. "పామైతే మొరుగుతాయండి. మెడలెత్తి చూస్తున్నాయి, మనిషెత్తు ఉంది" అన్నడు. నేను నవ్విన. తెల్లారి ఇంకింత దగ్గర, గుండ్ల దిక్కు జూసినయి. మూడోనాడు గేటు. ఎనిమిదింటి చూపూ ఒక్కతాన కలుస్తుండె, ఆ జాగల ఆయన సుద్దముక్కతోని గీత గీసిండు. ఆడ ఏం లేదు బిడ్డా, నేను చెయ్యి పెట్టి గూడ జూసిన.

నాలుగోనాడు రూం గుమ్మం కాడ. లోపల హన్నమ్మ మూడు రోజులసంది జ్వరం, ఒళ్ళు కాలిపోతుంది. దవాఖానకు తీసుకపోదామంటే బండి దొరకలే. ఏసన్న కొంచెంసేపు కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకున్నడు, ఇగ పోయి గుమ్మంల నిలవడ్డడు. రెండడుగులు బయటికేసిండు. కుక్కల తలలు రెండడుగులు జరిగినయి. ఆయన్ని గాదు, ఆయన భుజం ఎనకకు జూస్తున్నయి. "పోచయ్యగారూ, నన్ను చూడమాకండి. కుక్కల్ని చూసి చెప్పండి. నా వెనకాలే వస్తందా?" "వస్తుంది ఏసన్నా" అన్న. "రానీండి. ఆవిడ కాడ లేకపోతే చాలు." అంతే, ఆయన అడుగుల సప్పుడు గుండ్ల దిక్కు వోయింది. ఎండ ఫెళ్ళుమంటుంది. ఎనిమిది తలలు మెల్లమెల్లగ తిరిగినయి. ఇగ ఆగి, అన్నీ ఒక్కపారే ఒళ్ళు దులుపుకున్నయి, నీళ్ళల్లకెల్లి లేసినట్టు. నీడకు వొయ్యి పండుకున్నయి.

మాపటికి హన్నమ్మకు జ్వరం దిగింది. "ఆయనేరండి?" అని అడిగింది. చెరువు దేవులాడినం, గుండ్లన్నీ ఎతికినం, పోలీసోళ్ళొచ్చిన్రు. చెప్పు గూడ దొరకలే. ఆమె మూసాపేటల చెల్లె ఇంటికి వోయింది. ఎప్పుడు కలిసినా ఒక్కటే అడుగుతది, "మీరు చూస్తుండగానే వెళ్ళాడు కదండీ, ఎటు తిరిగాడు?" అని. ఆయన్ని జూడొద్దన్నడాయె, నేను కుక్కల్నే జూసిన.

నిజంగ ఏమన్న ఉండెనా అంటవా? నాకేమెరుక బిడ్డా. వస్తుందని నోటితోని చెప్పింది మాత్రం నేనే.

మోటరేసినవా? ట్యాంకీ నిండిందో లేదో, వొయ్యి జూడు.